ఎల్లరను చూచు చిత్రము: బిషప్పు నికొలాస్ చరిత్ర

1453వ సంవత్సరమున, జర్మనీలోని బవేరియా ప్రాంతమున, టెగెర్న్‌సే అను సరస్సు ఒడ్డునగల సన్యాసుల మఠమునకు ఒక చిన్న చిత్రపటము చేరెను. దానితోపాటు ఒక చిన్న గ్రంథమును వచ్చెను. పటమునందలి ముఖము, చూచువారి నందరను తిరిగి చూచునట్లు చిత్రింపబడినది. అట్టి పటములు మన యిండ్లలోను కలవు. గదిలో ఏ మూల నిలిచినను దేవుని చూపు మనవైపే యున్నట్లు తోచుట మనలో పెక్కుమందికి చిన్ననాటి అనుభవమే.

పటముతో ఏమి చేయవలెనో గ్రంథమున వ్రాయబడినది. దానిని ఉత్తరపు గోడకు తగిలించి, సన్యాసులందరు దాని యెదుట కొంచెము దూరమున నిలువవలెను. అది తననే చూచుచున్నదని ప్రతివానికి తోచును. పిదప ఒకడు తూర్పునుండి పడమటికిని, వేరొకడు పడమటినుండి తూర్పునకును నడువవలెను. చూపు ఇద్దరి వెంటను కదలును. ఒకే చూపు ఒకే క్షణమున రెండు ఎదురు దిక్కులకు ఎట్లు పోగలదు? నడచువానికి కనబడునది తన వెంట వచ్చు చూపు మాత్రమే. రెండవవాని వెంటను అది పోవుచున్నదని తెలియవలెనన్నచో వానిని అడుగవలెను. వాడు చెప్పినది నమ్మవలెను. నమ్మనివానికి ఈ వింత ఎన్నటికిని తెలియదు.

ఈ పటమును పంపినవాడు బ్రిక్సెన్ మండలపు బిషప్పు, రోము చర్చిలో కార్డినలు, ఇరువదేండ్లుగా రాయబారములు నెరపుచుండిన నికొలాస్. పుట్టిన ఊరిని బట్టి ఆయనను కూస్ నికొలాస్ అందురు. లాటిను భాషలో కుసానస్ అని పేరు. ఎదుటివాని మాట వినక సత్యము చేకూరదని ఇంత తేటగా బోధించిన ఆ మనిషియే, ఆ సంవత్సరముననే, తన మండలములోని ఒక స్త్రీల మఠముతో తెగని తగవులో చిక్కుకొని యుండెను. దేశదేశముల మతములను ఒక్క చోట కూర్చుండబెట్టదలచినవాడు తన మండలమున నెమ్మదిగా కాపుర ముండజాలకపోయెను. ఇది ఎట్లు సంభవించినదో తెలుపుటయే మా ఉద్దేశము.

నికొలాస్ 1401వ సంవత్సరమున, మోజెల్ నది గట్టునగల కూస్ గ్రామమున జన్మించెను. తండ్రి యోహాన్ పడవలు నడుపువాడు, వర్తకుడు; బాగుగా ధనము కూర్చినవాడు. ఆ యింటి పేరు క్రెబ్స్. ఆ మాటకు అర్థము ఎండ్రకాయ. తరువాత కార్డినలైన పిమ్మట నికొలాస్ తన పదవీచిహ్నములో ఎఱ్ఱని ఎండ్రకాయను వేయించుకొనెను. చర్చి మనుష్యుని పుట్టుకను గాక గుణమును చూచునని లోకమునకు తెలియుటకే, పడవవాని కొడుకునకు అంతటి పదవి లభించినదని ఆయన తన జీవితమును గూర్చిన చిన్న వ్రాతలో చెప్పుకొనెను.

1416లో హైడెల్బర్గు విశ్వవిద్యాలయమున చదువు మొదలిడి, మరుసటి యేడు ఇటలీలోని పాడువాకు పోయి, 1423లో చర్చి ధర్మశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. అచ్చట గణితమునందును, ఖగోళశాస్త్రమునందును ఆసక్తి కలిగెను. పిమ్మట కీర్తికెక్కిన తోస్కనెల్లి అను శాస్త్రజ్ఞుడు ఆయనకు అచ్చటనే మిత్రుడయ్యెను. ప్రాత వ్రాతప్రతులను వెదకుటలో నికొలాసునకు మిక్కిలి మక్కువ. ప్లౌటస్ అను ప్రాచీన రోమన్ హాస్యనాటక కర్త రచనలలో అంతవరకు మరుగుపడియున్న పండ్రెండు నాటకములు గల వ్రాతప్రతిని 1429లో ఆయనయే రోమునకు చేర్చెను.

ఆ కాలపు బిషప్పు పదవిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. నాటి జర్మనీలో బిషప్పు దేవాలయమున ఆరాధన జరుపు పెద్ద మాత్రమే కాడు. అతనికి కోటలు, గ్రామములు, శిస్తులు, న్యాయస్థానములు, భటులు కలరు. చక్రవర్తి పైన నున్నను ఆయన అధికారము పలుచన. ప్రభువులు, బిషప్పులు, నగరములు ఎవరి హక్కులను వారు కాపాడుకొనుచుండిరి. హక్కులు ప్రాత పత్రములపై నిలిచినవి. కావున పత్రములు చదువనేర్చిన న్యాయవాదికి, ఉభయపక్షములతో మాటలాడ నేర్చిన రాయబారికి అచ్చట గొప్ప గిరాకి. నికొలాస్ ఈ రెండు విద్యలందును ఆరితేరెను.

1432లో ఆయన స్విట్జర్లాండునందలి బాజెల్ నగరమున జరుగుచుండిన చర్చి మహాసభకు వచ్చెను. ట్రియర్ నగరపు ఆర్చిబిషప్పు పదవికై పోటీ వచ్చినప్పుడు ఒక పక్షము తరఫున వాదించుటకై ఆయన వచ్చినది. ఆ వాదము ఓడిపోయెను. కాని వాది నిలిచెను. అప్పుడు సభముందున్న పెద్ద ప్రశ్న, చర్చిలో సర్వాధికారము పోపుదా, మహాసభదా యనునది. నికొలాస్ తొలుత సభ పక్షమున నిలిచి, 1433-34 ప్రాంతమున సర్వసామరస్యమును గూర్చి ఒక పెద్ద గ్రంథము రచించెను. మనుష్యులందరు సహజముగా స్వతంత్రులు గనుక, పాలింపబడువారి సమ్మతి నుండియే పాలన పుట్టవలెనని ఆయన అందు వాదించెను. ఆ గ్రంథముననే వేరొక సాహసమును చేసెను. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పడమటి సామ్రాజ్యమును పోపునకు దానమిచ్చెనని ఒక ప్రాత పత్రము చెప్పుచుండెను. నమ్మదగిన ప్రాచీన చరిత్రలలో అట్టి దానము ఊసే లేదని నికొలాస్ చూపెను. 1440లో లోరెంజో వల్లా అను ఇటలీ పండితుడు భాషను పరీక్షించి ఆ పత్రము కూటసృష్టియని నిరూపించెను.

అయినను సభ మాటలు పెరిగి, పని తరుగుచుండెను. 1437లో అది రెండుగా చీలెను. తురుష్కుల దాడికి బెదరి, ఐరోపా సహాయము కోరుచున్న తూర్పు గ్రీకు చర్చితో సంధి మాటలు ఎచ్చట జరుగవలెననుటయే తగవు. ఎక్కువమంది ఒకవైపు, తక్కువమంది పోపుతో కలసి మరియొకవైపు చేరిరి. గ్రీకులకు అంగీకారమైన స్థలము ఇటలీయే గాన, నికొలాస్ తక్కువమంది పక్షమునకు మారెను. నిన్నటి మిత్రులు ఆయనను మాట తప్పినవాడనిరి. పోపునకు దాసుడైనాడని కొందరు, చీలిక మానిపించుటకే మారినాడని కొందరు నేటికిని వాదింతురు. మాకు తోచినది ఇంతమాత్రము: ఐక్యతను గూర్చి వ్రాసినవానికి, ఐక్యత ఏ బల్లవద్ద సాధ్యమో ఆ బల్లవద్దకు పోకతప్పదు.

ఆ వేసవిలో పోపు పంపిన రాయబారులలో ఒకడై ఆయన కాన్‌స్టాంటినోపిల్ నగరమునకు ప్రయాణమయ్యెను. బాజెల్ సభవారు వేరుగా తమ రాయబారులను, ఓడలను పంపిరి. ఒకే గ్రీకు చక్రవర్తి రేవున రెండు లాటిను పక్షములు ఎదురెదురుగా నిలిచినవి. చివరకు చక్రవర్తి ఎనిమిదవ జాన్, మతాధిపతి రెండవ జోసెఫ్ పోపు పక్షపు ఓడల నెక్కిరి. 1437 నవంబరు చివర బయలుదేరిన ఆ ఓడలు 1438 ఫిబ్రవరిలో వెనిసు నగరము చేరెను. మరుసటి యేడు, 1439 జూలై 6వ తేదీన, ఫ్లోరెన్సు నగరమున ఉభయ చర్చిల ఐక్యత ప్రకటింపబడెను. కాని ఆ సంతకములు గ్రీకు ప్రజల హృదయములకు ఎక్కలేదు. పెద్దలు కుదుర్చుకొన్న సంధిని ఊరిలోని జనులు త్రోసిపుచ్చిరి.

ఆ చలికాలపు సముద్రయానమున, తిరుగు దారిలో, తనకొక ఎఱుక కలిగినదని నికొలాస్ వ్రాసెను. దాని ఫలమే 1440 ఫిబ్రవరిలో కూస్ గ్రామమున ముగించిన గ్రంథము. తనకు తెలియదని తెలిసికొనుటయే ఉత్తమమైన విద్య యనునది దాని సారము. ఆయన చూపిన ఉదాహరణము ఎల్లరకును బోధపడునది. ఒక వృత్తములోపల చతురస్రము గీయుడు. భుజములను ఎనిమిది చేయుడు, పదునారు చేయుడు, వేయి చేయుడు. ఆకృతి వృత్తమునకు అంతకంతకు దగ్గరగును. కాని వృత్తము కాదు. మన బుద్ధి సత్యమునకు దగ్గరగుట అట్టిదే. ఇదే తర్కమును విశ్వమునకు వర్తింపజేసి, విశ్వమునకు గుర్తింపదగిన కేంద్రము లేదనియు, భూమి కదలక నిలిచియుండజాలదనియు ఆయన చెప్పెను. కోపర్నికస్ గ్రంథము వెలువడుటకు అప్పటికింకను నూరేండ్లకు పైగా గడువుండెను. కోపర్నికస్ వలె ఆయన గ్రహగతులను లెక్కగట్టలేదు. దైవము అనంతమను భావమునుండి ఈ నిర్ణయములకు వచ్చెను.

అటుపిమ్మట దాదాపు పదేండ్లు ఆయన జర్మన్ ప్రభువుల సభలలో పోపు తరఫున వాదించుచు తిరిగెను. బాజెల్ సభ 1439లో ఐదవ ఫెలిక్స్ అను వేరొక పోపును ఎన్నుకొనెను. జర్మన్ ప్రభువులు ఇరువురిలో ఎవరినీ ఒప్పుకొనక తటస్థులై యుండిరి. ఒక్కొక్క ప్రభువును మెల్లగా మరలించుటలో నికొలాస్ చూపిన ఓపికను చూచి, తరువాత రెండవ పయస్ అను పేర పోపైన పిక్కొలోమిని ఆయనను పోపు పక్షపు హెర్క్యులీస్ అనెను. హెర్క్యులీస్ గ్రీకు పురాణములందలి మహాబలుడు. 1448లో చక్రవర్తికిని పోపునకును వియన్నా నగరమున ఒడంబడిక కుదిరెను. ఆ సంవత్సరముననే నికొలాస్ కార్డినలయ్యెను. 1449లో ఫెలిక్స్ పదవి వదలుకొనెను.

1450లో ఆయన వ్రాసిన సంభాషణలలో ఒక చమత్కార మున్నది. అందు జ్ఞానము బోధించువాడు పండితుడు కాడు. కొయ్యగరిటెలు చెక్కి బ్రతుకు సామాన్యుడు. పండితులే వానియొద్ద నేర్చుకొందురు. వాడు త్రాసును చేతబట్టి లోకమునంతను తూచి చూడుమనును. ఆరోగ్యవంతుని నాడి నూరుమార్లు కొట్టులోపల సన్నని రంధ్రమునుండి కారిన నీటిని తూచి, రోగి నాడితో పోల్చుమనును. ఉన్నిని త్రాసున వ్రేలాడదీసినచో, దాని బరువు హెచ్చుతగ్గులను బట్టి గాలిలోని తేమ తెలియుననును. తూచిన మట్టిలో విత్తులు చల్లి, మొలచిన మొక్కలను తూచి, మరల మట్టిని తూచినచో మట్టి కొలదిగానే తగ్గి యుండును; కావున మొక్క బరువు ముఖ్యముగా నీటినుండి వచ్చినదనును. పుస్తకములోని మాటకన్న చేతిలోని త్రాసును నమ్ముమని బోధించిన ఈ సంభాషణము ఆ కాలమునకు క్రొత్త.

ఆ 1450లోనే పోపు ఆయనను బ్రిక్సెన్ బిషప్పుగా నియమించెను. ఆల్ప్సు పర్వతములలోని ఆ నగరము నేడు ఇటలీలో బ్రెస్సనోనె అను పేరను కలదు. చిక్కులు అచ్చటనే మొదలైనవి. ఆ ప్రాంతపు ప్రధాన దేవాలయపు పెద్దలు అప్పటికే టిరోల్ డ్యూకు సిగిస్ముండు మంత్రులలో నొకనిని ఎన్నుకొనియుండిరి. పాలింపబడువారి సమ్మతి ముఖ్యమని వ్రాసినవాడు వారి సమ్మతి లేక పాలకుడై వచ్చెను. బేరసారములు జరిగి, 1452లో గాని ఆయన తన నగరమున పీఠము నెక్కలేదు.

ఈ మధ్యకాలమున, 1451-52లో, పోపు ప్రతినిధిగా ఆయన జర్మనీ అంతట తిరిగి నెదర్లాండ్సు వరకు పోయెను. మఠములు నియమములను పాటించునట్లు ఆజ్ఞలు జారీచేసెను. విల్స్‌నాక్ అను ఊర రక్తపు మరకలుగల ప్రసాదమును చూపి యాత్రికులను రప్పించుట మూఢత్వమని నిషేధించెను. యాత్రికుల రాక మాత్రము ఆగలేదు. ఆ పర్యటనముననే యూదులు గుర్తుగా బట్టలపై చిహ్నము ధరింపవలెననియు, వడ్డీ వ్యాపారము మానవలెననియు శాసించెను. సామరస్యమును గూర్చి వ్రాసిన చేతినుండి ఈ శాసనమును వెలువడెనని మనము మరువరాదు.

ఇంతలో 1453 మే 29వ తేదీన కాన్‌స్టాంటినోపిల్ తురుష్కుల వశమయ్యెను. పదునారేండ్ల క్రిందట తాను నడచిన వీధులలో జరిగిన రక్తపాతమును గూర్చి విని నికొలాస్ కలత చెందెను. ఐరోపా అంతట యుద్ధము యుద్ధమను కేక చెలరేగినది. ఆయన కొన్ని నెలలలో మతసామరస్యమును గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అందు దేవుని సన్నిధిని పదునేడు జాతుల జ్ఞానులు సమావేశమగుదురు. గ్రీకువాడు, అరబ్బు, యూదుడు, పారసీకుడు, తురుష్కుడు, తార్తారు, ఆంగ్లేయుడు మొదలగువారితోపాటు మన దేశమునుండి ఒక హిందూదేశీయుడును అందు మాటలాడును. అతడడిగిన ప్రశ్న విగ్రహములను గూర్చినది. నిజదైవమును తెలిసికొనుటకు తోడ్పడు ప్రతిమలలో దోషము లేదనియు, దైవమునుండి మరలించునవి మాత్రము కూడవనియు సమాధానము వచ్చును. ఆచారములు పలువిధములైనను మతము ఒక్కటియే యనునది గ్రంథము ముగింపు.

నికొలాస్ మన దేశమును చూచి యెరుగడు. ఆ సభలో అందరి వాదములు చివరకు క్రైస్తవ సిద్ధాంతములయందే వచ్చి కలియును గాన, అది సమానుల సంభాషణమని అనుటకు వీలులేదు. అయినను పగ రగిలిన ఆ నెలలలో, శత్రువునకు ఒక పీట వేసి, పేరుపెట్టి పిలిచి, నీ ప్రశ్న యేమని అడిగిన గ్రంథము అది. టెగెర్న్‌సే సన్యాసులకు పంపిన పటమును ఆ సంవత్సరపుదే.

ఇక బ్రిక్సెన్ సంగతి. ఆయన మండలమున జోన్నెన్‌బుర్గు అను స్త్రీల మఠము కలదు. అందలి సన్యాసినులు పెక్కుమంది ప్రభువంశముల ఆడుబిడ్డలు. వారి పెద్ద వెరెనా ఫాన్ స్ట్యూబెన్. నియమము ననుసరించి వారు మఠపు గోడలు దాటరాదని బిషప్పు ఆజ్ఞాపించెను. భూములు, శిస్తులు, కౌలుదారులు గల మఠమును గోడల లోపలనుండి నడుపుట ఎట్లని వారి వాదము. తమ మఠమునకు రక్షకుడు డ్యూకేగాని బిషప్పు కాడనియు వారనిరి. బిషప్పు నియమమును చూచెను. వెరెనా తన మఠపు బ్రతుకును చూచెను. ఇద్దరి వెంటను ఒక్కొక్క చూపు కదలుచుండెను. రెండవవారిని అడిగినవారు లేరు. 1455లో ఆయన వెరెనాను చర్చినుండి వెలివేసెను. 1458లో మఠపు పక్షమున శిస్తు వసూలుకు పోయిన కూలిభటులను బిషప్పు మనుష్యులు ఎదిరింపగా వారిలో అనేకులు చచ్చిరి.

డ్యూకుతో తగవు ఇంతకన్న ముదిరినది. నికొలాస్ ప్రాత పత్రములను వెదకి తీసి, టిరోల్ ప్రభువులు పూర్వము బిషప్పుకు సామంతులేయని వాదించెను. కోటలను, గనుల హక్కులను తిరిగి యడిగెను. పత్రముల మాట నిజమే కావచ్చును. కాని రెండువందల యేండ్లుగా జరుగుచున్న ఆచారమును ఒక్క కట్ట పత్రములతో మార్చబూనుట డ్యూకునకు అపహరణముగ తోచెను. 1457లో ప్రాణభీతితో నికొలాస్ కొండలలోని బూఖెన్‌ష్టైన్ కోటకు పారిపోయి, మరుసటి యేడు రోమునకు చేరెను. 1460లో మరల తన మండలమునకు రాగా, ఈస్టరు పండుగనాళ్లలో డ్యూకు సైన్యము బ్రూనెక్ పట్టణమును ముట్టడించి ఆయనను లోబరచుకొనెను. కోరినవన్నియు ఒప్పుకొని విడుదలపొంది, బలాత్కారముచే చేసిన ఒప్పందము చెల్లదని ఆయన ప్రకటించెను. పోపు డ్యూకును వెలివేసెను. డ్యూకు లెక్కచేయలేదు.

రాయబారిగా గెలిచినవాడు బిషప్పుగా ఏల ఓడెను? మాకు తోచిన కారణ మిది. రాయబారి వద్ద సైన్యము లేదు, శిక్షించు అధికారము లేదు. ఎదుటివాడు ఏమి కోరుచున్నాడో, ఎందుకు వెరచుచున్నాడో విననిదే అతని పని సాగదు. బిషప్పునకో, ధర్మశాస్త్రము కలదు, పత్రము కలదు, వెలివేయు ముద్ర కలదు. అవి చేతనున్నప్పుడు వినుట అనవసరమని తోచును. నికొలాస్ బుద్ధి మారలేదు. ఆయన కూర్చున్న పీఠము మారినది.

చివరి యేండ్లు రోములో గడచినవి. 1460-61లో ఖురానును లాటిను అనువాదమున చదివి దానిపై ఒక గ్రంథము వ్రాసెను; అందు సామరస్యపు స్వరముకన్న ఖండన స్వరమే హెచ్చు. పోపు దర్బారులో ఆయనకు తృప్తి లేదు. అచ్చటి అవినీతి తనకు నచ్చలేదని చెప్పి ఆయన కన్నీరు పెట్టెనని పోపు రెండవ పయస్ తన స్మృతులలో వ్రాసెను. 1464లో తురుష్కులపై దండయాత్రకై ఆంకోనా రేవుకు పోవుచున్న పోపును కలియుటకు బయలుదేరి, త్రోవలో టోడి నగరమున ఆగస్టు 11వ తేదీన కన్నుమూసెను. కొలది దినములకే ఆంకోనాలో పోపును మరణించెను. బ్రిక్సెన్ తగవు, వాది పోయిన పిమ్మట, ఆ నెలలోనే పరిష్కారమయ్యెను.

ఆయన దేహమును రోములోని సాన్ పియెట్రో ఇన్ వింకోలి దేవాలయమున సమాధి చేసిరి. హృదయమును మాత్రము, ఆయన కోరిక మేరకు, కూస్ గ్రామమునకు తెచ్చి అచ్చటి ధర్మాశ్రమపు గుడిలో ఉంచిరి. ఆ ఆశ్రమమును ఆయనయే తన ఆస్తితో స్థాపించెను. 1458లో దానికి శాసనపత్రము వ్రాసెను. ఏసుక్రీస్తు జీవించిన ముప్పదిమూడు సంవత్సరములకు గురుతుగా ముప్పదిమూడుగురు వృద్ధులు అందు ఉండవలెను. ఆరుగురు మతగురువులు, ఆరుగురు ప్రభువంశీయులు, ఇరువదియొక్కరు సామాన్యులు. అందరును ఏబది యేండ్లు నిండినవారు. ద్రాక్షతోటల రాబడి వారి పోషణకు. తన వ్రాతప్రతులను కూడ ఆయన ఆ ఆశ్రమమునకే ఇచ్చెను.

ఆరువందల యేండ్లకు సమీపించినను ఆ ఇల్లు నేటికిని నడచుచున్నది. వృద్ధులు అందు నివసించుచున్నారు. మున్నూరు ప్రాంతపు వ్రాతప్రతులు గల గ్రంథాలయమును అచ్చట కలదు. చక్రవర్తులతో కుదిర్చిన ఒడంబడికలు చరిత్రపుటలలో చేరిపోయినవి. బ్రిక్సెన్ కోటలకై చేసిన వాదములు చల్లారినవి. ప్రభువును, సామాన్యుని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి అన్నము పెట్టుమని పడవవాని కొడుకు వ్రాసి యిచ్చిన పత్రము మాత్రము నేటికిని చెల్లుచున్నది.